కాపలా కుక్కను కట్టేసిన కథ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. కొత్త కంప్యూటర్ కొన్నావని చదివి సంతోషించాను గాని, చివరి పంక్తిలో "ఏ యాంటీవైరస్ కొనమంటావు?" అని నువ్వు అడిగిన ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మూడేళ్ళ క్రితం నేను కూడా అదే ప్రశ్న పదిమందిని అడిగి, అందరూ మెచ్చినదాన్ని డబ్బు పెట్టి కొని, ఆ తరవాతనే పదేళ్ళ ఫొటోలనూ రాసుకున్నవాటినీ పోగొట్టుకున్నాను. సిగ్గుకొద్దీ ఈ సంగతి నీకు ఇంతవరకు చెప్పలేదు.

పీడీఎఫ్ ఫైళ్ళను దిద్దే ప్రోగ్రామ్ ఒకటి అవసరపడింది. కొనడానికి మనసొప్పక, డబ్బు కట్టకుండా వాడుకునేలా దాని తాళం పగలగొట్టిన, అంటే క్రాక్ చేసిన కాపీని డౌన్‌లోడ్ చేసుకున్నాను. తెరవగానే యాంటీవైరస్ అడ్డుపడింది. దాంతోపాటు వచ్చిన సూచనల ఫైలులో, యాంటీవైరస్ ఇలాగే అనవసరంగా అరుస్తుందనీ, ఇన్‌స్టాల్ అయ్యేవరకు దాన్ని ఆపి ఉంచమనీ రాసి ఉంది. నేను బుద్ధిమంతుడిలా ఆపాను. మర్నాడు ఉదయానికి ప్రతి ఫైలు పేరు చివరా ఎన్నడూ చూడని తోక ఒకటి తగిలించి ఉంది. ఏ ఫైలూ తెరుచుకోలేదు. డెస్క్‌టాప్ మీద మాత్రం, అవి మళ్ళీ కావాలంటే డబ్బు కట్టమనే చీటీ కనబడింది. రాన్సమ్‌వేర్ అంటే అదే. బ్యాకప్ కోసమని కొన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కూడా, నా బద్ధకం వల్ల రాత్రంతా కంప్యూటర్‌కే తగిలించి ఉండడంతో, అందులోని కాపీలు కూడా వాటి దారినే పోయాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఇక్కడ కాపలా కుక్కను కట్టేసి తలుపు తీసిన ఇంటి దొంగను నేనే.

అందుచేత ఏదీ కొనవద్దనే చెబుతాను. నీ విండోస్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనే యాంటీవైరస్ ముందే ఉంది, ఇంటి వాడకానికి అది చాలు. ఒకటికి రెండు యాంటీవైరస్‌లు పెట్టుకుంటే, అవి ఒకదానినొకటి అనుమానించుకుంటూ కంప్యూటర్‌ను నత్తనడక నడిపిస్తాయి. డిఫెండర్ మేలుకొని ఉందో లేదో చూడాలని సరదా పడితే ఐకార్ అనే 68 అక్షరాల పరీక్ష ఫైలు ఉంది; అది ఏ హానీ చేయదు, అయినా దాన్ని వైరస్‌లాగే పట్టుకోవాలన్నది యాంటీవైరస్‌లు తయారుచేసేవారి మధ్య ఉన్న ఒడంబడిక.

నీతో అసలు పోట్లాడదలచుకున్నది అప్‌డేట్ల గురించి. పాత కంప్యూటర్‌లో "తరవాత గుర్తుచేయి" అన్న బటన్‌ను నువ్వు నెలల తరబడి నొక్కుతూ వచ్చిన సంగతి నాకు తెలియనిది కాదు. 2017 మే 12న బయటపడిన వనాక్రై అనే రాన్సమ్‌వేర్, ఎవరూ ఏ లింకూ నొక్కకపోయినా నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి తనంతట తానే పాకి, దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకుంది. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లను సైతం వాయిదా వేసుకోవలసి వచ్చింది. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చి 14న, అంటే 59 రోజుల ముందే విడుదల చేసింది. పైగా అప్‌డేట్ విడుదలైందంటే, కన్నం ఎక్కడుందో దొంగలకు కూడా తెలిసిపోయిందని అర్థం. దాన్ని విప్పి చూసి, ఇంకా పూడ్చుకోనివారి కోసం వాళ్ళు వెతుకుతారు. విండోస్‌కే కాదు, బ్రౌజర్‌కు కూడా ఇది వర్తిస్తుంది.

ఇంకొక చిన్న పని ఈరోజే చెయ్యి. 2000 మే నెలలో లోకాన్ని చుట్టేసిన "ఐ లవ్ యూ" వైరస్, ఈమెయిల్‌లో ప్రేమలేఖ పేరుతో వచ్చేది. ఆ ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని కనబడడంతో మామూలు ఉత్తరమేననుకొని జనం తెరిచారు, కాని దాని వెనక ఉన్న వీబీఎస్ అనే అసలు తోకను, అంటే అది ఉత్తరం కాదు ప్రోగ్రామ్ అని చెప్పేదాన్ని, విండోస్ దాచిపెట్టింది. ఇన్నేళ్ళయినా, మనం చెప్పకపోతే విండోస్ ఆ తోకలను దాస్తూనే ఉంది, ఎందుకో నాకు అంతుపట్టదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ అనే చోట ఫైల్ ఎక్స్‌టెన్షన్లు చూపించమని టిక్కు పెట్టుకో. బిల్లు అని వచ్చిన ఫైలుకు ఈఎక్స్‌ఈ అని తోక ఉంటే అది బిల్లు కాదు, ప్రోగ్రామ్. వర్డ్ ఫైలు తెరిచినప్పుడు మాక్రోలను, అంటే ఆ ఫైలులోనే ఇమిడి ఉండే చిన్న ప్రోగ్రామ్‌లను, అనుమతించమని అడిగితే, పంపినవారు ఎంత తెలిసినవారైనా సరే, ఫోన్ చేసి అడిగేదాకా ఒప్పుకోకు.

రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ కాని, అంటే కంప్యూటర్ మీద పూర్తి అధికారం లేని, వేరే ఖాతా పెట్టుకో. ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగిన ప్రతిసారీ విసుగ్గానే ఉంటుంది గాని, ఆ విసుగే నిన్ను ఒక్క క్షణం ఆలోచింపజేస్తుంది. నీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయని వెబ్ పేజీలో మెరిసే హెచ్చరికలు అబద్ధాలు, వాటిని మూసెయ్యి.

ఇక బ్యాకప్. తెలిసినవారు మూడు, రెండు, ఒకటి అని లెక్క చెబుతారు: ఫైళ్ళు మొత్తం మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. నేను నష్టపోయి నేర్చుకున్న మాట మరొకటి ఉంది. కాపీ తీయడం పూర్తికాగానే హార్డ్ డిస్క్‌ను ఊడదీసి సొరుగులో పెట్టు. క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని ధీమా పడకు. ఇక్కడ ఫైలు పాడైతే ఆ పాడైనదే అక్కడికీ చేరుతుంది, పాత వెర్షన్లు దాచే ఏర్పాటు ఉంటే తప్ప. అప్పుడప్పుడు బ్యాకప్‌లోంచి ఒక ఫైలును తెరిచి చూస్తూ ఉండు.

ఎప్పుడైనా అనుమానం వస్తే ముందు ఇంటర్నెట్‌ను తెంచు, తరవాత పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చుకో. డబ్బు కట్టినా ఫైళ్ళు వస్తాయన్న పూచీ లేదు కనుక నేను కట్టలేదు. నో మోర్ రాన్సమ్ అని, యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఉంది. కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌లకు తాళంచెవులను వారు ఉచితంగా ఇస్తారు. నాకు తగిలిన రకానికి అక్కడ ఇంకా తాళంచెవి దొరకలేదు. కొన్నిటికి ఏళ్ళ తరవాత కూడా దొరుకుతుందని, ఆ పాడైన డిస్క్‌ను తుడిచివేయకుండా అలాగే దాచి, రెండు మూడు నెలలకొకసారి వెళ్ళి చూసి వస్తున్నాను.

నీ డిస్క్ సొరుగులోకి చేరిన రోజున ఒక ముక్క రాయి.

నీ మిత్రుడు