రాన్సమ్‌వేర్ సోకిన కంప్యూటర్‌ను వెంటనే ఫార్మాట్ చేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్‌లోని ఫైళ్లకు ఎవరో తాళం వేసి డబ్బు అడుగుతున్నారని చెప్పగానే మన ఊళ్లలో మొదట వినిపించే మాట ‘ఫార్మాట్ కొట్టించండి’. కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర అడిగినా, ప్రొద్దుటూరులో అడిగినా ఇదే సలహా. మామూలు వైరస్‌కైతే ఇది చెల్లుతుంది. ఇలా ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ విషయంలో మాత్రం మిగిలిన కాస్త ఆశనూ తుడిచిపెడుతుంది. ఇది పదిమందికీ తెలియాలనే ఈ లేఖ రాస్తున్నాను.

నేను కడపలో డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. ఫోటో స్టూడియోల వాళ్లు, ట్యూషన్ మాస్టార్లు, దస్తావేజు లేఖరులు మా దగ్గరకు పని మీద వస్తుంటారు. వారిలో ఒక ఫోటోగ్రాఫర్‌కు జరిగింది చెబుతాను. పెళ్లి ఆల్బమ్‌ల ఫోల్డర్ తెరిస్తే ఫోటోలకు బదులు వరుసగా తెల్లకాగితం గుర్తులు కనిపించాయి. ప్రతి ఫైలు పేరు చివర అర్థంలేని నాలుగు అక్షరాలు కొత్తగా చేరాయి. ఏ ఫోల్డర్ తెరిచినా ‘రీడ్‌మీ’ అనే చిన్న ఫైలు ఉంది. ఫైళ్లు కావాలంటే 980 డాలర్లు కట్టాలని, 72 గంటల్లోపు సంప్రదిస్తే 490 డాలర్లు చాలని అందులో రాసి ఉంది. నమ్మకం కోసం ఒక ఫైలును ఉచితంగా తెరిచి పంపుతామని కూడా ఉంది. బ్యాకప్ అనుకుని ఎప్పుడూ తగిలించి ఉంచిన హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లదీ అదే గతి. కంగారులో రిపేరు దుకాణానికి తీసుకెళితే ఆ సాయంత్రానికే రెండింటినీ ఫార్మాట్ చేసి ఇచ్చారు. కంప్యూటర్ కొత్తదానిలా నడుస్తోంది. కానీ తలంబ్రాల ఫోటోల కోసం పెళ్లి మళ్లీ చేయించలేం కదా. ఆ ఫైళ్లకు తర్వాతైనా తాళంచెవి దొరికేదో లేదో తెలుసుకునే దారి కూడా లేకుండా పోయింది.

అతని కంప్యూటర్‌కు సోకినదాని లక్షణాలన్నీ ‘స్టాప్’ లేదా ‘డీజేవీయూ’ అని పిలిచే రకానివి. ఇళ్లలోని కంప్యూటర్లను ఎక్కువగా పట్టి పీడించిన రకం ఇదే. ఇది ఫైళ్లను చెరిపివేయదు, ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. అంటే తాళంచెవి లాంటి ఒక రహస్య సంఖ్యతో అందులోని సమాచారాన్ని గుర్తుపట్టలేనట్లు మార్చేస్తుంది. ఆ సంఖ్య దొరికితే ఫైలు యథాతథంగా తిరిగి వస్తుంది. యాంటీవైరస్ నడిపితే వైరస్ పోతుంది కానీ ఫైళ్లు తెరుచుకోవు. ఈ తేడా తెలియకనే చాలామంది యాంటీవైరస్ కొని నిరాశపడుతున్నారు.

ఆ తాళంచెవులు కొన్నిసార్లు నిజంగానే దొరుకుతాయి. 2019 అక్టోబరులో ఎమ్‌సిసాఫ్ట్ అనే సంస్థ ఈ రకంలోని 148 ఉపరకాలకు ఉచితంగా పనిచేసే సాధనాన్ని విడుదల చేసింది. పాత ఉపరకాలకైతే ఎన్‌క్రిప్ట్ అయిన ఒక ఫైలునూ, అదే ఫైలు చెడిపోని ప్రతినీ జతగా ఇవ్వాలి. కెమెరా మెమరీ కార్డులోనో, ఎవరికో పంపిన ఈమెయిల్‌లోనో ఆ ప్రతి దొరకవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పనికిరాదు, అది కుదించి పంపిన ఫోటో. కొత్త ఉపరకాల్లో, సోకిన సమయానికి వైరస్ దాన్ని పంపిన నేరగాళ్ల సర్వర్‌ను అందుకోలేకపోతే తనలోనే ఉన్న తాళంచెవిని వాడుతుంది. అలాంటప్పుడు రీడ్‌మీలో ఇచ్చిన వ్యక్తిగత ఐడీ సాధారణంగా ‘టీ1’ అని ముగుస్తుంది. ఆ తాళంచెవి ఎప్పుడైనా బయటపడితే అదే ఉపరకంతో అలా నష్టపోయిన వారందరి ఫైళ్లూ తెరుచుకుంటాయి. అది నెలల తర్వాత కావచ్చు, ఎప్పటికీ కాకపోవచ్చు కూడా. కానీ ఆ రోజు వచ్చేసరికి ఫైళ్లు, ఆ రీడ్‌మీ మన దగ్గర ఉండాలి కదా! ఫార్మాట్ చేస్తే రెండూ పోతాయి.

అందుకే సోకిందని తెలిసిన వెంటనే ఇంటర్నెట్ తీసేయాలి, తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్‌లు, హార్డ్ డిస్కులు ఊడదీయాలి. రీడ్‌మీని ఫోనుతో ఫోటో తీసుకోవాలి. పాడైన ఫైళ్లను, రీడ్‌మీతో సహా, వేరే ఖాళీ డిస్కులోకి ఎక్కించి దాచాలి. వీలైతే పాత డిస్కునే తీసి భద్రపరచి కొత్తది వేయించుకోవాలి. విండోస్‌ను కొత్తగా వేయించడం ఆ తర్వాతి పని. ఈ రకం వైరస్ తరచూ పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాములను వెంట తెస్తుంది కాబట్టి, బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లను మరో పరికరం నుంచి మార్చుకోవాలి. ఈ మాట ఎవరూ చెప్పరు, ఫైళ్ల బాధలో ఎవరికీ గుర్తుకురాదు.

ఇక సోకిన రకం ఏదో తెలుసుకోవడానికి ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైట్ ఉంది. నెదర్లాండ్స్ పోలీసులు, ఐరోపా దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, రెండు భద్రతా సంస్థలు కలిసి 2016లో ప్రారంభించారు. పాడైన ఫైలును, డబ్బు అడిగిన రీడ్‌మీని అందులో పెడితే ఉచిత సాధనం ఉందో లేదో చెబుతుంది. డబ్బు కట్టినా ఫైళ్లు వస్తాయన్న హామీ లేదు. ‘మేం తెరిచి ఇస్తాం’ అని వేలకు వేలు అడిగే మధ్యవర్తులను అంతకన్నా నమ్మకూడదు. వాళ్లలో కొందరు ఆ నేరగాళ్లకే కొంత కట్టి, మిగిలింది జేబులో వేసుకుంటారు.

అసలు ఇది ఎక్కడినుంచి వస్తోంది? డీజేవీయూ ఎక్కువగా క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా దొంగదారిన నడిచేలా మార్చిన సాఫ్ట్‌వేర్ వెంటే వస్తుంది. మన ప్రాంతంలో కంప్యూటర్ కొంటే ఫోటోషాప్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు ‘ఫ్రీగా’ వేసి ఇవ్వడం మర్యాదగా మారింది. క్రాక్ నడవాలంటే యాంటీవైరస్ ఆపేయాలని దానితో వచ్చిన సూచనల్లోనే ఉంటుంది, దుకాణంలోని కుర్రాడు ఆపేస్తాడు, మళ్లీ ఎవరూ పెట్టరు. కొన్నవారికి ఈ సంగతే తెలియదు. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం. దానిపై విండోస్ అప్‌డేట్లు కూడా ఆపేస్తారు. 2017 మే 12న ప్రపంచమంతా విరుచుకుపడ్డ వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆ అప్‌డేట్లు లేని కంప్యూటర్లలోకే చొరబడింది. ఆ రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే ఇచ్చింది. అయినా మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారినపడ్డాయి. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మన ఊళ్లో దానితోనే నడుస్తున్న కంప్యూటర్లు ఇంకా చాలా ఉన్నాయి.

జిల్లా పోలీసు అధికారులకు ఒక విన్నపం. రాన్సమ్‌వేర్ ఐటీ చట్టం కింద నేరం. అయినా ‘డబ్బు పోలేదు కదా, ఫైళ్లే కదా’ అన్న మాట వినాల్సి వస్తుందేమోనని బాధితులు స్టేషన్ గడప తొక్కడం లేదు. 1930 నంబరు డబ్బు మోసాలకని అందరికీ తెలుసు. రాన్సమ్‌వేర్ ఫిర్యాదును జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేయవచ్చని తెలిసినవారు తక్కువ. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ తెలుగులో ఒక్క కాగితం మీద అచ్చువేసి ప్రతి కంప్యూటర్ రిపేరు దుకాణం గోడకు అంటించేలా చూడాలి. అలాగే రిపేరు దుకాణదారులు కస్టమర్ సంతకం లేకుండా రాన్సమ్‌వేర్ సోకిన డిస్కును ఫార్మాట్ చేయకూడదన్న నియమం తమ సంఘంలో పెట్టుకోవాలి. అచ్చుకు కావలసిన డీటీపీ పని మా కేంద్రంలో ఉచితంగా చేసి ఇస్తాను.

— ఒక పాఠకుడు, డీటీపీ కేంద్రం నిర్వాహకుడు, కడప