మారిన మగాడిని ఎగతాళి చేయకండబ్బా

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో తాగొచ్చి భార్యను కొట్టినోడి వార్త తరచూ చూస్తా ఉంటాం, అది వేయాల్సిందే, వద్దనడం లేదు, కానీ అట్లాంటోడు ఒకడు మారి మనిషిలా బతికితే దాన్ని ఎవరూ రాయరు. అందుకే మా తమ్ముడి గురించి రాస్తా ఉండా, వాణ్ణీ మా మరదల్నీ ఇద్దర్నీ అడిగే రాస్తా ఉండా, పేర్లు మాత్రం వద్దన్నారు.

మా నాయన బెల్టు తీసేవాడు. ఎక్కువ దెబ్బలు తమ్ముడికే, ఏడిస్తే ఇంకో రెండు, "మగపిల్లోడివి ఏడుస్తావేందిరా" అని. నేనైతే అమ్మ ఒళ్ళో పడి ఏడ్చేదాన్ని, వాడు అమ్మ దగ్గరికి పోతే అది కూడా తప్పే. పెద్దయ్యి ఆటో తోలేటప్పుడు అప్పు పెరిగినా భయమేసినా బాధేసినా అన్నీ కోపంగానే బయటికొచ్చేవి, తాగడం, పెళ్ళాం మీద చెయ్యెత్తడం. నాయన కొట్టాడు కాబట్టి వీడూ కొట్టాడని వెనకేసుకు రావడం లేదు, అవే దెబ్బలు తిని ఎవరి మీదా చెయ్యెత్తని మగవాళ్ళు బోలెడుమంది ఉండారు.

మరదలు పాపను తీసుకుని చిత్తూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. పెద్దమనుషుల్ని పంపిస్తే రానంది, ముందు తాగుడు మాని చూపించమను, తర్వాత మాట్లాడదాం అంది. ఆమె ఆ మాట మీద నిలబడకపోతే వీడు మారేవాడు కాదు, నాకు ఆ నమ్మకం గట్టిగా ఉంది.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఇది చదివే వాళ్ళకి ఒకటి చెప్పాలి, ఏళ్ళ తరబడి బాగా తాగినోడు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడమే కాదు, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి మతి తప్పి లేనివి కనపడొచ్చు, ప్రాణమే పోవచ్చు, కాబట్టి గదిలో పెట్టి తాళం వేయొద్దు, డాక్టర్ చేతుల మీదే మాన్పించాలి. తెలియకుండా కూరలో తాగుడు మాన్పించే మాత్ర కలిపేయమని సలహా ఇచ్చేవాళ్ళూ ఉంటారు, ఆ మాత్ర కడుపులో ఉండగా మద్యం తాగితే బీపీ పడిపోయి గుండెకే ముప్పు, మనిషికి చెప్పకుండా ఇచ్చేది కాదది.

అయినా తాగుడు మానడం సగం కూడా కాదు. కౌన్సెలింగ్‌కి పోయి పోయి, "నాకిప్పుడు కోపంగా ఉంది, కాసేపు బయట కూర్చుని వస్తా" అని నోటితో చెప్పడం నేర్చుకున్నాడు. ఆ రోజు ఆటో మీద ఎంతొచ్చిందో దాచకుండా చెప్తాడు, పాపకు జడేస్తాడు, నాయన పోయినప్పుడు అందరి ముందరా వెక్కి వెక్కి ఏడ్చాడు. మరదలు తిరిగొచ్చింది కానీ ఇప్పటికీ తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడతాది, దానికి వీడు "ఇంకా నమ్మవా నన్ను" అని ఒక్కసారి కూడా అడగలేదు. నా కంటికి వాడిలో మగతనం కనపడింది అక్కడే.

మరి స్టాండులో ఏమంటారు? గాజులు తొడుక్కోరా అంటారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరకి మగవాళ్ళు మొక్కు తీర్చుకునేదానికి చీర కట్టి, గాజులేసి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరిగే ఊరబ్బా మనది! ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి అమ్మవారు వేషాలేసి వెతికి, దొర వేషంలో పట్టుకుని చంపిందని చెప్పుకుంటాం, ఆ కథ వింటా పెరిగి, అంట్లు తోమే మొగుణ్ణి చూసి నవ్వడం ఎట్ల వస్తుంది మనకి?

2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు లక్షా 70 వేలమందికి పైగా, అందులో ప్రతి పదిమందిలో ఏడుగురు మగవాళ్ళే అని ప్రభుత్వ నేర రికార్డులే చెప్తా ఉండాయి. నోరు తెరిచి బాధ చెప్పుకోనివ్వకుండా పెంచినందుకు కొంత ఇదీ ఫలితమే అని నేననుకుంటా. 2005 గృహహింస చట్టం 14వ సెక్షన్‌లో కొట్టిన వాడికి కౌన్సెలింగ్ ఇప్పించమని మేజిస్ట్రేట్ ఆదేశించొచ్చని ఉంది. దాన్ని ఆమెకు సర్దుకుపొమ్మని చెప్పేదానికి కాకుండా, వాణ్ణి కూర్చోబెట్టి మార్చేదానికి వాడండి.

అధికారులకి నా విన్నపం, వారానికి ఒక సాయంత్రం, ఆటోలు, షాపులు కట్టేశాక, ఏడెనిమిది గంటలప్పుడు, వార్డు సచివాలయంలో ఒక గది తెరిచి కౌన్సెలర్‌ని పెట్టండి, పగలు పెడితే కూలి పోగొట్టుకుని ఎవరూ రారు. మీరు కూడా తాగి కొట్టిన వార్త వేసిన ప్రతిసారీ కింద మూడు ఫోన్ నంబర్లు వేయండి సార్, మనసు బాగలేకపోతే 14416, తాగుడు మానాలంటే 14446, దెబ్బలు తింటున్న ఆడవాళ్ళకి 181.

ఇట్లు,
ఒక అక్క, కొర్లగుంట, తిరుపతి