కర్రలు పంపినవాళ్లకు, రాతిగుండు లాగినవాళ్లకు

అనంతపురం పల్లెల్లో పిల్లల హాకీ కోసం ఈ ఏడాది చెయ్యి వేసిన అందరికీ నమస్కారం. పేర్లు రాయొద్దని చాలామంది చెప్పారు కాబట్టి పనులే రాస్తున్నాం. ఏ సాయం ఎక్కడ అక్కరకొచ్చిందో, ఏది రాలేదో ఉన్నదున్నట్టు చెప్తే ఇంకో ఊళ్లో మొదలుపెట్టేవాళ్లకూ పనికొస్తుంది.

మొదటి దండం నేల ఇచ్చిన రైతుకు. పూర్తి హాకీ మైదానం 91.40 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. మన లెక్కలో ఎకరా పాతిక సెంట్లు. పల్లెలో ఆటకని అంత నేల ఎవరు వదులుతారు, అడగడానికి మాత్రం మనకు నోరెలా వస్తుంది? అయిదుగురి ఆటకు 40 మీటర్ల పొడవు, 28 మీటర్ల వెడల్పు చాలు. ఇరవై ఎనిమిది సెంట్లలో అయిపోతుంది. ఇదేదో లేనోళ్ల ఆట అనుకోవద్దు. 2024 జనవరిలో మస్కట్‌లో హాకీ ఫైవ్స్ అనే పేరుతో ఈ అయిదుగురి ఆటకు ప్రపంచకప్పే జరిగింది. అందులో రజతం గెలిచిన మన మహిళల జట్టు కెప్టెన్, ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన గోల్‌కీపర్ ఎతిమరపు రజని.

ఎర్రనేల మీద హాకీకి అసలు శత్రువు గులకరాయి. బంతి 156 నుంచి 163 గ్రాముల బరువుంటుంది. దొర్లుతూ దొర్లుతూ రేగ్గింజంత రాయికి తగిలినా ఎగిరి మోకాలి మీదికొస్తుంది. ఒక్కసారి మూతికి తగిలిందంటే ఆ పిల్ల మళ్లీ వంగి ఆడదు, నిలబడే కర్ర ఊపుతుంది. ఆ తర్వాత ఎంత నేర్పినా వృథా. అందుకే కోచింగ్ కంటే ముందు నేల చూసుకోవాలి. "కళ్లం చేసినట్టు చెయ్యండి సారూ" అని దారి చూపిన పెద్దాయనకు రెండో దండం.

ఆయన చెప్పిన పద్ధతి ఇది. దంతెతో పైమట్టి గీకి, పిల్లలు వరసగా నిలబడి రాళ్లు ఏరాలి, రెండుసార్లు. గుంటలు పూడ్చి, పలచగా చెరువుమన్ను చల్లాలి. మన్ను ఎక్కువైతే ఎండకు నెర్రెలిస్తుంది, చినుకు పడితే జారుతుంది. సాయంత్రం 5,000 లీటర్ల ట్యాంకరు నీళ్లు ఆ 28 సెంట్లకు సమంగా పోస్తే సుమారు నాలుగున్నర మిల్లీమీటర్ల వానతో సమానం. పొద్దున్నే గుప్పెడు మట్టి పిడికిట్లో ఒత్తి నడుమెత్తు నుంచి వదలాలి. మూడు నాలుగు ముక్కలైతే నేలను గట్టిపరిచే రాతిగుండు తిప్పొచ్చు. పచ్చిగా చతికిలబడితే ఇంకో గంట ఆగాలి, లేకుంటే మట్టి గుండుకు అంటుకుని పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. పొడిగా రాలితే ఇంకా నీళ్లు కావాలి. ట్యాంకరు అన్న డీజిలు డబ్బులు కూడా తీసుకోలేదు. మూలనపడ్డ కళ్లపు గుండు బయటికి తీసి, మోకులు కట్టి లాగిన యువకులకూ, ఆ రోజు అన్నం పెట్టిన అమ్మలకూ చాలా రుణపడ్డాం.

ఇక కర్రల పార్సిళ్లు. హైదరాబాదు, బెంగళూరు నుంచీ, విదేశాల్లోని మనవాళ్ల నుంచీ వచ్చినవి మంచి కర్రలే. చిక్కల్లా కొలతతోనే, చాలావరకు 36.5, 37.5 అంగుళాలవి. పిల్లను నిటారుగా నిలబెట్టి కర్రను కాలి పక్కన నేలకు ఆనిస్తే పైకొన తుంటి ఎముక దగ్గరికి రావాలి. అంతకంటే పొడవైతే పైకొన కడుపులో పొడుస్తుంది, పిల్ల ఎడమచేతిని కిందికి జార్చేస్తుంది, కర్ర తిప్పడం ఇక రాదు. కొయ్య కర్రను పైనుంచి రెండంగుళాలు కోస్తే కొంత సర్దుకుంటుంది గానీ, బరువంతా కిందనున్న వంకీలోకి దిగి చిన్న చేతికి సమ్మెటలా అనిపిస్తుంది. ఈసారి పంపదలచినవాళ్లు 28, 30, 32, 34 అంగుళాలవి కలిపి పంపితే పుణ్యముంటుంది. ఎడమచేతి వాటం కర్రల కోసం వెతికిన దాతకు ప్రత్యేక కృతజ్ఞతలు, కానీ హాకీలో అవి లేవు. ఎడమవైపు చదును ఉన్న కర్ర ఒక్కటే నియమం. ఎడమచేతి వాటం పిల్లలు కష్టపడతారనుకుంటాం గానీ, కర్రను తిప్పేది పైనున్న ఎడమచెయ్యే కాబట్టి వాళ్లకు కొంత లాభమే.

గోల్‌కీపర్ హెల్మెట్లు కొనిచ్చినవాళ్లు మా గుండె మీద బరువు దించారు. ఉన్నవాటితో సర్దుకోమంటే మిగతా అన్నిట్లో సర్దుకుంటాం, ఇందులో కాదు. నేల నుంచి లేచే బంతికి గొంతు దొరికిపోతుంది, క్రికెట్ హెల్మెట్ గొంతును కాపాడదు.

టైలరక్క కుట్టిన ట్రాక్ ప్యాంట్లు వచ్చాకే ఆడపిల్లలు స్వేచ్ఛగా వంగి ఆడుతున్నారు. పొడుగు స్కర్టు అంచు కర్రకు చుట్టుకుంటుంది, పొట్టిదైతే ఇంట్లో పంపరు. దానికంటే ముఖ్యం వేళ. కొళాయి నీళ్లొచ్చే పొద్దున వేళకు ప్రాక్టీసు పెట్టి, ఆడపిల్లలు రావట్లేదని నిట్టూర్చడంలో అర్థం లేదు. బిందెలు మోసేది వాళ్లే కదా. సాయంత్రానికి మార్చాం. బడి మరుగుదొడ్డి తాళంచెవి ఇచ్చిన హెడ్‌మాస్టరుగారికి, చీకటి పడేలోపు పక్క ఊళ్లవాళ్లను దించుతున్న ఆటో అన్నకు దండాలు. వేరుశనగ పీకే రోజుల్లో సగం జట్టు చేలల్లోనే ఉంటుంది. అప్పుడు హాజరు పట్టీ తీయకపోవడమే మర్యాద.

వినికిడి లోపం ఉన్న పిల్లలతో మెలగడం నేర్పిన ప్రత్యేక ఉపాధ్యాయురాలికి మేము ఎంత చెప్పినా తక్కువే. విజిల్ మానేసి ఎర్రజెండా ఎత్తడం మొదలుపెట్టాం. ఒక్క జెండా చాలదు, వీపు తిప్పి ఉన్న పిల్లకు కనిపించదు. జెండా చూసిన ప్రతి ఒక్కరూ ఎడమచెయ్యి పైకెత్తి ఆగాలి. అప్పుడు ఎటు చూసినా ఒక చెయ్యి కనిపిస్తుంది. చెవులు బాగున్న పిల్లలకూ దీంతో తల ఎత్తి ఆడే అలవాటైంది, ఏ కోచైనా గొంతు చించుకుని చెప్పేది అదే.

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను బంతులు ఏరే పనికి పెట్టడం మన మైదానాల్లో మామూలు. అది ఆడించడం కాదు. అందరికీ పాస్ అందాకే గోల్ అనే నియమమూ కుదరదు, జాలిపడి ఒక చచ్చు పాస్ ఇచ్చి చేతులు దులుపుకుంటారు. పక్కగీత వెంట 5 మీటర్ల వెడల్పున సున్నంతో ఒక బాట గీసి, అందులోకి ఆ పిల్లవాణ్నీ ఎదుటి జట్టులో ఒక్కరినీ మాత్రమే రానివ్వాలి. బంతి అందాక మూడు అంకెలు లెక్కపెట్టేదాకా లాక్కోకూడదు. అప్పుడు అతని దారిన దాడి చేయడం జట్టుకే లాభం, పాస్ దానంతటదే వస్తుంది. ఒక చెయ్యి బలహీనంగా ఉన్నవాళ్లకు పొట్టి, తేలిక కర్ర ఇవ్వాలి. మణికట్టుకు తాడుతో కట్టొద్దు, పడినప్పుడు కర్ర విడిపోకపోతే ఎముక విరగొచ్చు.

గోల్ వెనక చెక్కలు బిగించిన వడ్రంగి మామకూ చెప్పాలి. 460 మిల్లీమీటర్ల ఎత్తు చెక్క, బంతి తగిలితే ధడ్‌మని మోగుతుంది, పిల్లలకు వలలో పడ్డ బంతి కంటే ఆ చప్పుడే గోల్. అడుగున ఇటుకలు పెట్టమని ఆయన ముందే చెప్పాడు. పెట్టనివైపు చెదలు పట్టాయి, రెండో చెక్క కావాలి మామా.

ఆటో అన్నా, నీ సీటు వెనక రెండు షిన్‌గార్డులు, ఒక నీళ్ల సీసా ఉండిపోయాయి. శనివారం వచ్చేటప్పుడు తీసుకురా.