కంచె దాటిన ఫొటోలు అచ్చు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో స్కాట్లాండ్ తూర్పు తీరంలోని టాంటాలన్ కోట మీద వచ్చిన వ్యాసం చదివాను. ఎడిన్‌బరోలో ఉంటున్నవాడిని కనుక ఆ కోట నాకు బాగా తెలుసు. వ్యాసంతో నాకు పేచీ లేదు. అభ్యంతరమంతా పక్కన వేసిన ఫొటో మీదే. కంచె దాటి, శిథిలమైన గోడ అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న యువకుడి బొమ్మను అరపేజీ వేశారు. కింద ‘సాహస యాత్ర’ అని రాశారు! ఎలా ఎక్కాలో చెప్పలేదు, అదే పదివేలు.

14వ శతాబ్దం మధ్యలో స్కాట్లాండ్ ప్రభువు విలియం డగ్లస్ ఆ కోటను నార్త్ బెరిక్ పట్టణ సమీపంలో కట్టించాడు. మూడు వైపులా నిట్టనిలువు కొండచరియ, దిగువన సముద్రం. శత్రువు వచ్చే దారి ఒక్కటే కాబట్టి, బలమంతా ఆ వైపునే పెట్టి ఒక మహా గోడ లేపారు. ఎత్తు సుమారు 15 మీటర్లు, మందం మూడున్నర మీటర్ల పైమాటే. 1528లో రాజు ఐదో జేమ్స్ ఫిరంగులతో 20 రోజులు ముట్టడించినా గోడ లొంగలేదు. తరవాత కోట చేతికి చిక్కాక ఆయనే గోడలోని గదులను, మెట్లదారులను రాళ్లతో పూడ్పించి ఇంకా గట్టి చేయించాడు. నడిమి బురుజు ఎదుట నిలబడితే ఆ మరమ్మతు ఇప్పటికీ తెలుస్తుంది. పాత కట్టడం ఎర్ర ఇసుకరాయి, తరవాతిది ఆకుపచ్చ ఛాయ ఉన్న రాయి. 1651లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సేనలు 12 రోజులు గుండ్లు కురిపించాక గానీ కోట పట్టుబడలేదు.

అంతటి గోడకు ఒక కుర్రాడి బరువు లెక్కా అని ఎవరైనా అడగవచ్చు. ఫిరంగులు ఆగిపోయి మూడున్నర శతాబ్దాలు దాటింది, ఉప్పుగాలి మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. ఇసుకరాయి సందుల్లోకి దిగిన ఉప్పు లోపలే గడ్డకట్టి, పైపొరను పొట్టులా రాల్చేస్తుంది. వాన నీరు రాళ్ల మధ్య సున్నాన్ని కడిగేస్తుంది. కింద నుంచి చూస్తే గట్టిగానే కనిపించే రాయి, పైన చేత్తో తడితే కదలవచ్చు. అందుకే ఆ దేశపు పురావస్తు సంరక్షణ సంస్థ కొన్నేళ్ల క్రితం చాలా కట్టడాల్లో ప్రవేశాన్ని పరిమితం చేసి, ఎత్తున ఉన్న రాళ్లను దగ్గర నుంచి పరీక్షించడం మొదలుపెట్టింది. వాతావరణ మార్పుల వల్ల రాయి వేగంగా దెబ్బతింటోందని ఆ సంస్థే చెప్పింది. ఆ కంచెలు అధికారుల బద్ధకమని కొట్టిపారేయడం మనకు అలవాటు, అది వేరే సంగతి.

ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లలు సెలవు దొరికితే ఇలాంటి కోటలకే వెళ్తారు. వారికి మీ పత్రికలో అచ్చయిన బొమ్మే అనుమతి పత్రం అవుతుంది. ఇకపై అలాంటివి వేయవద్దని, యాత్రా వ్యాసాల చివర ఏ భాగాలు మూసి ఉన్నాయో ముందే కనుక్కుని వెళ్లమని ఒక్క వాక్యం చేర్చాలని నా మనవి. బొమ్మే కావాలంటే కంచె ఇవతల నుంచే ఎదురుగా బాస్ రాక్ దీవి కనిపిస్తుంది. వేసవిలో గానెట్ పక్షులతో తెల్లబడిపోయి ఉంటుంది. దాన్ని పేజీ నిండా వేసినా నాకు అభ్యంతరం లేదు.

– ఒక పాఠకుడు, ఎడిన్‌బరో