మా చక్రాన్ని బస్సెక్కించి పంపినవాళ్ళకు కృతజ్ఞతలు

దసరా సెలవుల్లో అరకు ఘాట్ రోడ్డు మీద నాకూ మా పాపకూ సాయం చేసినవాళ్ళకి నలుగురి ముందూ దండం పెట్టాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్ళకే తెలుస్తుంది.

పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికి విజయనగరం వచ్చిన చుట్టాలతో కలిసి అరకు బయల్దేరాం. మా ఆవిడతో సహా అందరూ ఎస్.కోటలో (శృంగవరపుకోటలో) కిరండూల్ పాసింజర్ ఎక్కారు. ఆ లైను మొత్తం మీద 58 సొరంగాలట, అరకు లోపు వచ్చేవన్నీ తాను లెక్కపెడతానని మా మావయ్య పందెం కూడా కట్టారు. మా పాప మాత్రం రైలెక్కనంది. నాన్న బండే కావాలంది.

పాపకి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. తొమ్మిది నెలలు దాటి నాలుగేళ్ళ లోపున్న పిల్లల్ని బండి మీద కూర్చోబెట్టుకుంటే వాళ్ళని నడిపేవాళ్ళతో కలిపి కట్టే బెల్టు, తలకి సరిపోయే హెల్మెట్ ఉండాలి. వేగం 40 దాటకూడదు. 2023 ఫిబ్రవరి 15 నుంచి ఇది రూలు. మనవైపు ఆ బెల్టు వాడేవాళ్ళు నాకైతే పెద్దగా కనబడలేదు. మా ఆఫీసులో ఒక అన్నయ్య తన కొడుక్కి కొన్నది తెచ్చిచ్చి, పట్టీలు ఎంత బిగించాలో నా భుజాల మీదే వేసి చూపించాడు. గంట్యాడ దాటకముందే పాప నా వీపుకి ఆనుకుని నిద్రపోయింది. పిల్లలు బండి మీద నిద్రపోతే ఎలా ఒరిగిపోతారో తెలిసినవాళ్ళకి ఆ బెల్టు విలువ చెప్పక్కర్లేదు. మొదటి థాంక్స్ ఆ అన్నయ్యకే.

దారిలో ఆగుతూనే వెళ్ళాం. కోతుల కోసం ఒకసారి, ఏమీ లేకుండానే రెండు మూడు సార్లు. దాముకు దాటి అనంతగిరి వైపు ఎక్కుతుంటే వెనక చక్రం ఒక్కసారిగా కూర్చుండిపోయింది. పైన తుప్పర, చుట్టూ మంచు, ఫోనులో సిగ్నల్ లేదు. రోడ్డు పక్కనే ఇల్లున్న ఒక అక్క బయటికొచ్చి నన్నేమీ అడక్కుండా ముందు పాపని లోపలికి తీసుకుపోయింది. ఆ వెనకే ఒక వ్యాను ఆగింది. డ్రైవరు కుర్రాడు పెద్ద స్పానర్లు తీసి, నా బండి టూల్ కిట్ చూసి నవ్వి, చక్రం ఊడదీశాడు. మేకు దిగింది సరే, గాలి పోయిన ట్యూబు లోపల జరిగి వాల్వు మొదట్లో చిరిగింది. అక్కడ చిరిగితే అతుకు నిలవదు, కొత్త ట్యూబే వెయ్యాలి. ఆ సైజు ట్యూబు ఎస్.కోటలోనే దొరుకుతుందన్నారు. పాపని వదిలి వెళ్ళలేను, వానలో వెంటేసుకుని దిగనూ లేను.

అప్పుడే కిందికి దిగుతున్న ఆర్టీసీ బస్సుని వ్యాను కుర్రాడే చెయ్యెత్తి ఆపాడు. నేను పాపని తెచ్చుకోడానికి ఇంట్లోకి వెళ్ళబోతుంటే కండక్టరు గారు ఆపేశారు. "గుంట వానలో తడిసిపోతాది బాబూ. మీరెందుకు, చక్రం ఇటిచ్చీండి" అన్నారు. ఎస్.కోటలో తనకి తెలిసిన మెకానిక్కుకి ఇచ్చి, పైకొచ్చే బస్సులో వేయిస్తానన్నారు. ఐదొందల నోటు, మా ఆవిడ నంబరు తీసుకున్నారు. చక్రం డ్రైవరు సీటు వెనక నిలబడి వెళ్ళిపోయింది.

ఆయన సిగ్నల్ అందగానే మా ఆవిడకి ఫోన్ చేసి "అమ్మా, మీ ఆయనా పాపా బాగానే ఉన్నారు, చక్రం ఒకటీ నా దగ్గరుంది" అన్నారట. ఆ రెండో మాటకి ఆవిడకి వచ్చిన టెన్షన్ గురించి మళ్ళీ ఎప్పుడైనా రాస్తాను.

ఇక ఆ అక్క. పాప మేజోళ్ళు పొయ్యి పక్కన ఆరేసి, స్టీలు గ్లాసులో చోడి అంబలి, అంటే రాగి అంబలే, పోసిచ్చింది. ఇంట్లో రాగి జావ అంటే మూతి ముడుచుకునే మనిషి అక్కడ గ్లాసు ఖాళీ చేసి మళ్ళీ పట్టింది. మధ్యాహ్నం అన్నం కూడా వాళ్ళింట్లోనే. వాళ్ళ కోడిపిల్లల వెంట పరిగెత్తి పరిగెత్తి, బండి పాడైన సంగతే మా పాప మర్చిపోయింది. డబ్బులు ఇవ్వబోతే అక్క కోప్పడింది. ఫొటో వద్దంది, కాబట్టి పెట్టలేదు.

చక్రం ఇంకో బస్సులో పైకొచ్చింది. దింపిన కండక్టరు వేరే ఆయన, కానీ మా సంగతంతా ఆయనకి ముందే తెలుసు. "పాపేదీ?" అని కిటికీలోంచి అడిగారు. చువ్వలకి చిన్న పాలిథిన్ కవరు కట్టి ఉంది, పాత ట్యూబు నుంచి కోసిన రబ్బరు ముక్కతోనే. అందులో మిగిలిన డబ్బులు, ట్యూబుకెంత, పనికెంత అని రాసిన చీటీ. లోపల టైరుకి గుచ్చుకున్న మేకు కూడా పీకి కవర్లోనే వేశారు మెకానిక్కు గారు, నేను నమ్మనేమోనని కాబోలు. వ్యాను కుర్రాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు గానీ పెద్ద స్పానరు అక్క దగ్గర వదిలి వెళ్ళాడు. దాంతోనే, ఆ ఊరి కుర్రాళ్ళు పట్టుకుంటే, చక్రం ఎక్కించాను. చీకటి పడకుండా అరకు చేరాం. మావయ్య సొరంగాల లెక్క తప్పి పందెం ఓడిపోయారు.

కండక్టర్లిద్దరికీ, వ్యాను తమ్ముడికీ, అక్కకీ మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. తమ్ముడూ, నీ స్పానరు అక్క దగ్గరే ఉంది, అటు వెళ్ళినప్పుడు తీసుకో. ఎస్.కోట మెకానిక్కు గారూ, చీటీ ప్రకారం చూస్తే మీరు పంపిన చిల్లరలో ఇరవై రూపాయలు ఎక్కువొచ్చాయి. ఈసారి అటు వచ్చినప్పుడు ఇస్తాను, కాదనకండి.