నువ్వు పంపిన ఐదు వేల లెక్క

బిడ్డా,

నిరుడు ఉగాదికి నువ్వు మా చరిత్ర సంఘానికి ఐదు వేలు పంపావు. ఏం చేశారమ్మా అని రెండు మూడు సార్లు అడిగావు. ఖర్చయ్యాయని చెప్పి ఊరుకున్నాను. మొన్న ఏడాది లెక్కలు కట్టాం, నీకూ రాద్దామని కూర్చున్నాను. ఇందులో ఒక సంగతి ఫోన్లో చెప్తే ఏడుపొస్తుంది, అందుకే ఈ ఉత్తరం.

కాగితాలకు, సిరాకు 2150. బ్రష్షులకు 600. బస్సు ఛార్జీలు 840, అదీ మగవాళ్లకే, ఆడవాళ్లం ముగ్గురం ఫ్రీ కదా. జిరాక్సులు, ఫోటో ప్రింట్లు 760. ఇంకా 650 ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు.

మేం మొత్తం పన్నెండు మందిమి. లైబ్రరీలో చేసి రిటైరైన సార్ ఉన్నారు, ఫోటో స్టూడియో తమ్ముడు ఉన్నాడు, డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరున్నారు. నెలలో రెండో ఆదివారం కలుస్తాం. ఏప్రిల్, మే ఎండలకు నల్లగొండలో బయటికి అడుగు పెట్టలేం కాబట్టి కూర్చుని పాత శాసన సంపుటాలు, అంటే రాళ్ల మీద చెక్కిన పాత రాతల పుస్తకాలు, చదువుకున్నాం. నిజాం కాలంలో, 1935లోనే, లక్ష్మణరాయ పరిశోధక మండలి వాళ్లు మన శాసనాలను పుస్తకంగా అచ్చు వేశారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో ఊరూరూ తిరిగి చేశారు ఆ పని. సార్ ఆ పుస్తకం పేజీ తిప్పేటప్పుడు చేతులు తుడుచుకుని మరీ తిప్పుతారు.

ఇప్పుడు అసలు సంగతి. జూన్‌లో ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక ఊరి చెరువు కట్ట మీద రాయి చూశాం. నడుము ఎత్తు ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉన్నారు. ఇచ్చిన దానం సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలని అలా చెక్కించేవాళ్లు. మూడు వైపులా అక్షరాలే. ఏ పుస్తకంలోనూ ఆ రాయి లేదు. నేను ఒక వైపు ఫోన్‌తో రెండు ఫోటోలు తీశానో లేదో వాన పట్టుకుంది. వానలో రాయి మీద కాగితం నిలవదు, వానలు పోయాక వచ్చి కాగితం మీద అక్షరాల అచ్చు తీద్దాం అన్నాను. ఆ మాట అన్నది నేనే.

బతుకమ్మ పండుగ అయ్యాక వెళ్లాం. కట్ట వెడల్పు చేశారు. రాయి లేదు. జేసీబీ ఎత్తి, మిగతా రాళ్లతో కలిపి మట్టి కింద పోసిందట. ఎవరి మీదా కోపం తెచ్చుకోలేకపోయాను. నడిపినాయనకు అది కూడా ఒక రాయే. అయినా అక్కడే కట్ట మీద చాలాసేపు కూర్చుండిపోయాను. నా ఫోటోల్లో చదవగలిగినవి నాలుగు పంక్తులు. చెరువు కింద పొలం ఇచ్చినట్టు తెలుస్తోంది. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్నది మిగతా వైపుల ఉండి ఉంటుంది. అది ఇక ఎవరికీ తెలియదు బిడ్డా.

ఆ రోజు నుంచి వాయిదా అనే మాట మానేశాం. నవంబరు నుంచి ఉగాదిలోపు ఏడు రాళ్లకు అచ్చులు తీశాం. నీ డబ్బులో ఎక్కువ భాగం దీనికే పోయింది. రాయిని మెత్తటి బ్రష్షుతో, మంచినీళ్లతోనే కడగాలి. యాసిడ్, ఇనుప బ్రష్షు దగ్గరికి రానివ్వకూడదు. తడిపిన కాగితం రాయికి అతికించి బ్రష్షుతో కొడుతూ పోతే అది అక్షరాల గుంతల్లోకి దిగుతుంది. కొంచెం ఆరాక గుడ్డ ఉండతో సిరా అద్దుతాం. గుంతల్లోకి సిరా పోదు కాబట్టి రాయి మట్టమంతా నల్లగా పడి, అక్షరాలు తెల్లగా లేస్తాయి. మొదట ఎప్పుడూ ‘శ్రీ’ కనబడుతుంది. అది కనబడగానే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఒక ఊళ్లో అలా అద్దుతుంటే ఒక అవ్వ వచ్చి, “లంకెబిందెలు యాడున్నయో రాసుందా?” అని అడిగింది. లేదవ్వా, దేవుడికి పొలం ఇచ్చారట, దాన్ని లాక్కున్నవాళ్లు అరవై వేల ఏళ్లు పురుగై పుడతారని రాశారు అని చెప్పాను. ఆమె ఆ రాయి మీద ముప్పై ఏళ్లు బట్టలు ఉతికిందట. గబగబా ఇంట్లోకి పోయి పసుపు కుంకుమ తెచ్చింది. పసుపు వద్దవ్వా, అక్షరాలు పూడుకుపోతాయి, పువ్వు పెట్టు చాలు అన్నాను. బంతిపువ్వు పెట్టింది. మేం మళ్లీ వెళ్లేసరికి ఆ రాయి గోడకు ఆనించి నిలబెట్టి ఉంది.

నవంబరు చివర అందరం చందుపట్ల వెళ్లాం. చిన్నప్పుడు నువ్వు రుద్రమదేవి వేషం వేశావు, గుర్తుందా? ఆమె ఎప్పుడు చనిపోయిందో చెప్పేది ఆ ఊరి రాయే. రుద్రమ, సేనాపతి మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి ఇచ్చాడని అందులో ఉంది. శకవర్షం 1211, దానికి 78 కలిపితే 1289. ఆ రాయి బయటపడక ముందు ఆమె ఇంకో ఆరేడేళ్లు పాలించిందనే పుస్తకాల్లో ఉండేది. ఊరి రాయి ఒక్కటి ఆ లెక్క మార్చింది. దాని ముందు నిలబడినప్పుడు మన చెరువు కట్ట రాయే మనసులో తిరిగింది.

సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి కూడా చూశాం. కాకతీయుల సామంతులైన రేచర్ల వాళ్ల కోడలు ఎరకసానమ్మ 1208లో కట్టించిన గుడి ముందు డిగ్రీ పిల్ల ఒకటే అడిగింది, “అప్పట్లో ఆడవాళ్ల పేరు మీద ఇంత పెద్ద గుళ్లు కట్టించుకున్నారా మేడమ్?” అని. ఆ పిల్ల మర్నాటి నుంచి పాత లిపి నేర్చుకుంటోంది. ఈ ఏడాదికి నాకు అన్నిటికన్నా సంతోషం అదే.

మే నెలలో వస్తానన్నావు కదా. వచ్చేటప్పుడు డ్రాయింగులు పెట్టుకునే పొడవాటి ప్లాస్టిక్ గొట్టాలు రెండు తీసుకురా, ఆ 650 నీకే ఇస్తాను. ఇక్కడ పొట్టివే దొరుకుతున్నాయి. మా కాగితాలు నాలుగున్నర అడుగులు, బీరువా మీద చుట్టి పెడితే పురుగులు కొడుతున్నాయి. ఏడు అచ్చులూ అందులో పెడతాను. ఆ నాలుగు పంక్తుల ఫోటో కూడా ప్రింటు తీయించాను, వాటితో పాటే పెట్టాలి.

అమ్మ