తోటలోని రైలుమార్గం కాలక్షేపం కాదు

సంపాదకుడు గారికి,

ఇంటి తోటల్లో రైళ్లు నడిపే విదేశీ ఔత్సాహికుల గురించి కొన్ని ఆదివారాల కిందట మీరు వేసిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను గాని, వారి శ్రమనంతా ధనికుల కాలక్షేపంగా తేల్చివేయడం చూసి చాలా బాధ కలిగింది.

ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో సర్ ఆర్థర్ హేవుడ్ 1874లో డఫీల్డ్‌లోని తన ఇంటి ఆవరణలో పట్టాల మధ్య 15 అంగుళాల వెడల్పు మాత్రమే ఉండే రైలుమార్గం వేయడం మొదలుపెట్టాడు. పెద్ద ఎస్టేట్లలోనూ సైన్యంలోనూ తక్కువ ఖర్చుతో సరకు చేరవేయడానికి అంత సన్నని మార్గం చాలునని నిరూపించాలన్నది ఆయన పట్టుదల. స్థలం కొండవాలు కావడంతో పదడుగులకు ఒక అడుగు ఎక్కే ఎత్తు మీద కూడా బండి నడిపించాడు, సొరంగాలు తవ్వించాడు, ఇంజన్లను సొంత వర్క్‌షాపులోనే తయారు చేయించాడు, చివరకు భోజనానికీ నిద్రకూ వేర్వేరు పెట్టెలు కూడా అమర్చాడు. సైన్యం ఒప్పుకోకపోయినా వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ తన ఈటన్ హాల్ ఎస్టేటుకు 1896లో అటువంటి మార్గాన్నే వేయించుకున్నాడు. హేవుడ్ 1916లో మరణించాక తోటలోని పట్టాలు పోయాయి గాని, ఆయన 1894లో చేసిన 'మ్యూరియెల్' ఇంజన్‌ను 1927లో కొత్త బాయిలరుతో మార్చి 'రివర్ ఇర్ట్' అని పేరు పెట్టారు. అది నేటికీ ఇంగ్లండులోనే రావెన్‌గ్లాస్ అనే ఊళ్లో ప్రయాణికుల బండిని లాగుతున్నది.

ఇక మన సంగతి చూడండి. పర్లాకిమిడి రాజావారు సొంత సొమ్ముతో నౌపడ నుంచి వేయించిన రెండున్నర అడుగుల వెడల్పు రైలుమార్గం 1900లో మొదలై, తరువాత గుణుపూరు దాకా సాగి, టెక్కలి, పాతపట్నం ప్రాంతాల ప్రజలను ఒక శతాబ్దం పాటు మోసింది. 2004లో దానిని ఆపి బ్రాడ్‌గేజ్‌గా మార్చారు. పెద్ద రైలు రావడం అవసరమే, దానిని నేను కాదనడం లేదు. అయితే కొన్ని పాత ఇంజన్లను ప్రదర్శనశాలల్లో కదలకుండా నిలబెట్టి తమ బాధ్యత తీరిందనుకునే అధికారులకు, అవి పొగ చిమ్ముతూ కదిలితేనే పిల్లలకు వాటి పనితనం అర్థమవుతుందని ఎవరు చెప్పాలి? ఇదే మాట రాసి పంపిన వినతిపత్రానికి ఒక కార్యాలయం నుంచి అందినట్లు రసీదు కూడా రాలేదు. పాత స్టేషను కట్టడమైనా, పాత వంతెన అయినా, తూకం వేసి అమ్మగలిగితే తప్ప ఈనాటి యంత్రాంగానికి దాని విలువ కనబడదు.

నౌపడ, పర్లాకిమిడిల మధ్య ఎక్కడైనా రైల్వే సొంత స్థలంలో ఒక్క కిలోమీటరు సన్న పట్టాలు తిరిగి వేసి, నిలిచిపోయిన ఇంజన్లలో ఒకదానినైనా సెలవు రోజుల్లో నడపాలని రైల్వే శాఖను కోరుతున్నాను. దానికి చేయూతనిచ్చే విశ్రాంత రైల్వే ఉద్యోగులు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు. వారు ఉండగానే ఆ విద్యను తరువాతి తరానికి నేర్పించాలి. ఈ విషయమై అధికారులను ప్రశ్నిస్తూ మీ పత్రిక ఒక వార్తాకథనం రాయాలని కూడా నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా